నట్టు మీద ఎర్ర చుక్క

హిందూపురం బజారులో మా నాయన మాట ఎత్తితే ఇప్పటికీ ఎవరో ఒకరు అంటారు: "పాపం, ఆ మెకానిక్కు చక్రం బిగించకపాయ, ఈయన తుంటి ఇరగ్గొట్టె." తొమ్మిదేళ్లుగా వింటున్నాను. విన్నప్పుడల్లా తల ఊపాను. ఒకటి రెండుసార్లు ఆ మాట నేనే ముందుగా అన్నాను కూడా. అది అబద్ధం. ఆ చక్రం బిగించనిది మెకానిక్కు కాదు, నేను. జరిగింది జరిగినట్టు రాయడానికి కూర్చున్నాను. ఎవరికైనా మేలు జరుగుతుందని కాదు. ఆ దశ ఎప్పుడో దాటిపోయింది.

మాది ఫ్యాన్సీ అంగడి. గాజులు, రిబ్బన్లు, తిలకం సీసాలు, గోళ్ల రంగు. నాయన గల్లా దగ్గర, నేను లోపల అరల దగ్గర. మాకో చిన్న కారు ఉండేది. కొన్న నాటి నుంచి దానికి ఒకే మెకానిక్కు. పెనుకొండ రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. ముదిగుబ్బ పక్కన ఏదో పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి పని నేర్చుకుని ఇక్కడే నిలిచిపోయాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన మా నాయనను సామీ అని, నన్ను చిన్నశెట్టీ అని పిలిచేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ నట్టు బిగించినా దాని మీద ఎర్ర గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టేవాడు. ముందు జాకీ దించాలి, చక్రం నేల మీద ఆనాలి, అప్పుడు స్పానర్ వేసి కాలితో తొక్కి బిగించాలి, ఆ తర్వాతే చుక్క. బిగించేటప్పుడు ఎవరైనా పిలిస్తే పలికేవాడు కాదు. పొరపాటున పలికితే అన్నీ వదులు చేసి మళ్లీ మొదటి నట్టు నుంచి వచ్చేవాడు. "చుక్క అంటే నా మాటప్పా. మాట ఇచ్చినాక మళ్లీ చూసుకునే పని ఉండగూడదు" అనేవాడు. ఆ రంగు సీసా మా అంగడిదే. ఆయుధపూజకు ఆయన షెడ్డు ముందర ఊళ్లో సగం బండ్లు వరసగా నిలబడేవి. ఆ రోజు నాయన స్వయంగా వెళ్లి, తాంబూలంలో పెట్టి ఒక కొత్త సీసా ఇచ్చి వచ్చేవాడు. ఏడాదికి అదొక్కటే సరిపోయేది.

నాయన కారెక్కే ముందు చుట్టూ తిరిగి నాలుగు చక్రాల దగ్గరా వంగి చూసేవాడు. నట్లు కనపడాలని చక్రాల మూతలు కూడా తీసి అటక మీద పెట్టించాడు. చుక్కలుంటేనే తలుపు తీసేవాడు. "బండి గురించి నాకేం తెలుసురా? ఆయప్ప చుక్క పెట్టినాడా లేదా, అంతే" అనేవాడు.

నాకది చిన్నతనంగా ఉండేది. కారు నడిపేది నేను, నమ్మేది ఆయన్ను.

పైగా ఆయన దగ్గర పని నిదానం. పొద్దున వదిలితే రేపు సాయంత్రం రమ్మనేవాడు. అప్పటికే ఫోన్లో వీడియోలు చూడటం మరిగాను. ఇంజన్ ఆయిల్ ఎలా దించాలి, ఎయిర్ ఫిల్టర్ ఎలా దులపాలి, బ్రేక్ ప్యాడ్లు ఎలా మార్చాలి, అన్నీ ఎవరో ఒకరు ఓపికగా చూపిస్తుంటారు. నాయనకు తెలియకుండా ఒకసారి ఫిల్టర్ మార్చాను, ఇంకోసారి ఆయిల్ మార్చాను. బాగానే వచ్చింది. ఉన్నమాట చెప్పాలి, ఆ పనిలో సుఖముంది. నల్లటి ఆయిల్ సన్నటి ధారగా పళ్లెంలోకి దిగుతుంటే, కొత్తది పోసి ఇంజన్ స్టార్ట్ చేస్తే, ఆ చప్పుడు నా సొంతమైనట్టుండేది. రిబ్బన్లు కొలిచే చేతికి అలాంటిది ఇంకెక్కడ దొరుకుతుంది? సొంతంగా చేసుకోవడం తప్పని నేను అనను. చెయ్యి మురికి చేసుకున్నవాడికి బండి మీద ప్రేమ పుడుతుంది. నాకు పుట్టింది బండి మీద ప్రేమ కాదు, పంతం.

ఆ పంతం ఎక్కడ మొదలైందో కూడా తెలుసు. ఒకరోజు షెడ్డులో ఆయన చక్రాలు విప్పి బ్రేకులు చూస్తున్నాడు. ముందు చక్రాల ప్యాడ్లు అరిగాయి, మార్చేయమన్నాను.

"ఇంకా ఉండాయి. దసరా పోయినాక మారుస్తా" అన్నాడు.

"వీడియోలో ఈ మాత్రం అరిగితే మార్చాలనే చెప్పినారన్నా."

ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "ఫోన్లో చూసి ఈత నేర్చుకున్నోడు బాయిలో దూకినాడంట చిన్నశెట్టీ. మునిగేటప్పుడు గూడా ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడంట, మిగిలింది చూద్దామని."

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. ఆటో బాగు చేయించుకోవడానికి వచ్చినాయన మరీ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అన్నదాంట్లో విషం లేదు. ఆయన అందరితోనూ అలాగే మాట్లాడేవాడు. నట్లు బిగించి, చుక్కలు పెట్టి, సాయంత్రం కారు అప్పగించాడు. ఆ వారమే నేను ప్యాడ్లు తెప్పించుకున్నాను.

పది రోజుల తర్వాత మేము ధర్మవరం పోవాల్సి వచ్చింది. మా మేనత్తకు కంటి ఆపరేషన్ అయింది, నాయన చూసి రావాలన్నాడు. తొమ్మిదింటికి ప్రయాణం. నాయన స్నానం, పూజ ముగిసేసరికి ఎనిమిదిన్నర దాటుతుందని నా లెక్క. తెల్లవారగానే ఇంటి వెనక సందులో కారు పెట్టుకుని పని మొదలుపెట్టాను. కుడి వైపు ముందు చక్రం విప్పి, కొత్త ప్యాడ్లు వేసి, చక్రం ఎక్కించి, జాకీ దించి, తొక్కి బిగించాను. స్పానర్ తగిలి ఆయన చుక్కలు చెరిగిపోయాయి. అంగడి నుంచి తెచ్చి పెట్టుకున్న సీసా తీసి, అదే ఎర్ర రంగుతో కొత్త చుక్కలు పెట్టాను. నాయన చూస్తాడు కదా.

ఎడమ చక్రానికి వచ్చేసరికి చెయ్యి తిరిగిందనిపించింది. ప్యాడ్లు తొందరగా పడ్డాయి. చక్రం ఎక్కించి, గాల్లో ఉండగానే నట్లు వేళ్లతో తిప్పి, స్పానర్‌తో ఊరికే ఆనించాను. రంగు ఆరడానికి టైము పడుతుంది, ముందే పెట్టేస్తే ఒక పని అయిపోతుందని నాలుగు చుక్కలూ అప్పుడే పెట్టేశాను. తర్వాత జాకీ దించుతున్నాను. అంతలో వెనక తలుపు తీసిన చప్పుడైంది. మేనత్త ఫోన్ చేసి ఎండ ముదరకముందే రమ్మందట. నాయన పూజ తొందరగా ముగించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేశాడు.

"ఏం చేస్తాండావురా ఆడ?"

"గాలి చూస్తున్నా నాయనా."

స్పానర్‌ను గుడ్డలో చుట్టి నా సీటు కింద తోశాను. జాకీని పూర్తిగా దించి, కాలితో సందు గోడ వైపు నెట్టాను. నాయన ఎప్పటిలాగే చుట్టూ తిరిగాడు. ఎడమ చక్రం దగ్గర వంగి చూశాడు. చుక్కలు తళతళలాడుతున్నాయి. "మంచి రంగు ఇచ్చినాం ఈసారి" అని తలుపు తీసి ముందు సీట్లో, ఎడమ వైపు కూర్చున్నాడు.

ఇక్కడొక విషయం స్పష్టంగా చెప్పాలి. నేను మరచిపోలేదు. మరచిపోయాననే అబద్ధం నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఆ చక్రం బిగించలేదని తెలిసే కారు స్టార్ట్ చేశాను. పెనుకొండలో టీకి ఆగుతాం, నాయన లోపల కూర్చుంటాడు, అప్పుడు రెండు నిమిషాల్లో తొక్కేస్తాను అనుకున్నాను. "నాయనా, ఆగు, చక్రం విప్పింది నేను, ఇంకా బిగించలేదు" అనడానికి ఎంతసేపు పట్టేది? ఆ మాట చెప్తే ఆయన కారు దిగి బస్టాండుకు నడిచేవాడు. పోయేది అంతే.

సోమందేపల్లి దాటాక చప్పుడు మొదలైంది. టక్, టక్, టక్.

"ఏందిరా అది?"

"రోడ్డు బాగలేదు నాయనా."

రోడ్డు నున్నగా ఉంది. పెనుకొండ కొండ ఎదురుగా కనపడుతోంది. ఇంకో పది నిమిషాలు అనుకున్నాను. స్టీరింగ్ వణకడం మొదలైంది. వేగం తగ్గించాను కానీ ఆపలేదు. ఆపితే ఎందుకు ఆపావంటాడు. అప్పుడే ముందు భాగం ఎడమ వైపు ఒరిగి కూలబడింది. ఇనుము తారు మీద గీసుకుంటూ పోయిన చప్పుడు ఇప్పటికీ నా పళ్లలో ఉంది. కారు రోడ్డు దిగి వాలు కాలవలో పక్కకు పడింది. నాయన తలుపుకు, సీటుకు మధ్య నలిగాడు. ఆయన అరవలేదు. "కాలు నాది కాదురా" అన్నాడు, అంతే.

పక్కన వేరుశనగ బుడ్డల చేలో కలుపు తీస్తున్న రైతు ఒకాయన మా చక్రాన్ని దొర్లించుకుంటూ వచ్చాడు. లోపల నాయన ఉన్నాడని ఆయనకింకా తెలియదు. "ఏమప్పా, చక్రం మీకంటే ముందు వచ్చి నా చేన్లో కూచునింది, మీరు ఈడ ఆగిపోతిరే" అంటూ వచ్చి, నాయనను చూసి చక్రం వదిలేసి పరిగెత్తాడు. ఇద్దరం కలిసి ఆయన్ను బయటికి లాగి పడుకోబెట్టాం. అంబులెన్సు వచ్చేలోపల ఆ రైతు రోడ్డంతా వెతికి రెండు నట్లు తెచ్చి నాయన చేతిలో పెట్టాడు. ఎందుకు నా చేతిలో పెట్టలేదో తెలియదు. పెద్దాయన కదా అనుకున్నాడేమో.

నాయన ఆ నట్లను ఎండకు తిప్పి చూశాడు. రెండింటి మీదా ఎర్ర చుక్కలున్నాయి.

"చుక్క పెట్టినాడే" అన్నాడు. "చుక్క పెట్టి బిగించకపాయనా, ఏంరా?"

ఆయన నన్నే అడిగాడు. నేను అన్నాను: "అవును నాయనా."

నేను చేసిందంతా ఒక ఎత్తు, ఆ రెండు మాటలు ఒక ఎత్తు. మిగతాదంతా ఆ రెండు మాటలు తమంతట తామే చేసుకుపోయాయి.

తుంటికి ఆపరేషన్ చేశారు. ఇంటికి తీసుకొచ్చాక నాలుగో రోజు మెకానిక్కు వచ్చాడు. చెప్పులు వీధిలోనే విడిచి, మంచం దగ్గర కింద కూర్చుని, నాయన పాదాల మీద చెయ్యి వేశాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను.

"సామీ, ఆ పొద్దు నీ బండి చక్రాలు విప్పింది నేనే, ఎక్కించింది నేనే. బిగించినాననే అనుకుంటి. ఈ నాలుగు రాత్రుళ్లూ గ్యాపకం చేసుకుంటాండా. బిగించినట్లే ఉండాది, బిగించనట్లే ఉండాది. నడుమ కరెంటు పాయె. ఎవరో పిలిచినట్లుండాది. పలికినానో లేదో తెలీదు సామీ."

నాయన దిండు కింద నుంచి ఆ రెండు నట్లు తీసి చూపించాడు. తర్వాత అన్నాడు: "ఇరిగినందుకు కాదబ్బా. బిగించకుండా చుక్క ఎట్ల పెడితివి?"

దానికి సమాధానం ఉన్నది నా దగ్గర. అది నా నాలుక దాకా వచ్చిందని రాస్తే బాగుంటుంది కానీ, రాలేదు. ఈయన తొందరగా వెళ్లిపోతే బాగుండునని మాత్రం అనుకున్నాను. నాయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మెకానిక్కు లేచి గడప దగ్గరకు వచ్చి నా భుజం తట్టాడు. "నాయన్ను బాగా చూసుకో చిన్నశెట్టీ" అన్నాడు.

కారును పెనుకొండలోనే పాత ఇనుము కొనే గుజిరీ అంగడికి ఇచ్చేశాను. కొత్త ప్యాడ్లు దాంతోనే పోయాయి.

పలకరించడానికి వచ్చిన ప్రతి అంగడాయనకూ నాయన ఆ నట్లు చూపించేవాడు. తిట్టేవాడు కాదు. చూపించి ఊరుకునేవాడు, అది తిట్టుకంటే ఎక్కువ పని చేసింది. ఒక్కొక్కరే బండ్లు వేరే చోటికి మళ్లించారు. మా పక్క అంగడాయన అయితే నాతో అన్నాడు: "దానికే నేను చెప్పేది. మన బండి మనమే చూసుకోవల్ల. నీకు చేతనవును గదా, నువ్వే చేసుకోని ఉంటే ఇట్లయితాండెనా?" దానికి కూడా తల ఊపాను.

మెకానిక్కు తన చెయ్యి తానే నమ్మడం మానేశాడని తర్వాత తెలిసింది. చక్రం బిగించి, చుక్క పెట్టకుండా మళ్లీ బిగించేవాడట. బండి గేటు దాటుతుంటే ఆపి మళ్లీ చూసేవాడట. అతిగా తొక్కి బోల్టులు తెంపేవాడట. మిగిలిన కొద్దిమంది కూడా విసుక్కుని పోయారు. రెండో దసరాకు ఆయన షెడ్డు ముందర ఒక ట్రాక్టర్, రెండు స్కూటర్లు ఉన్నాయి. నేను రోడ్డుకు అవతలి వైపు నుంచి చూశాను. మా అంగడి నుంచి ఆ ఏడు రంగు సీసా వెళ్లలేదు, అంతకు ముందేడూ వెళ్లలేదు. ఆ తర్వాత షెడ్డుకు తాళం పడింది.

నాయన రెండున్నరేళ్లు మంచంలో ఉన్నాడు. ఆ రెండున్నరేళ్లలో చెప్పడానికి నాకు ఎన్ని పూటలు దొరికాయో లెక్క లేదు. ఒక ఆదివారం ఆయన కాలి గోళ్లు తీస్తుంటే ఉన్నట్టుండి అన్నాడు: "ఆయప్ప ఎట్లుండాడో ఏమో. పిల్చుకోని రాగూడదా? తప్పు ఎవరైనా చేస్తారు." నేను గోళ్లు తీస్తూనే అన్నాను: "ఊరు విడిచిపోయినాడు నాయనా." అప్పటికి ఆయన ఊళ్లోనే ఉన్నాడు. నాయన ఇంకెప్పుడూ అడగలేదు. ఆ శీతాకాలం దాటలేదు.

ఈ ఏడు మెకానిక్కు ధర్మవరంలో ఉన్నాడని తెలిసింది. రైల్వే స్టేషన్ దగ్గర ఒక స్కూటర్ స్టాండులో టోకెన్లు ఇస్తున్నాడట. వెళ్లాను. ఇప్పుడున్న కారులోనే వెళ్లాను. దాని సర్వీసంతా కంపెనీ గ్యారేజీలో జరుగుతుంది. ఏసీ గదిలో కూర్చుంటే కాఫీ ఇస్తారు, బండిని అద్దం అవతల ఎవరో ఏదో చేస్తారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు. ఆ రోజు తర్వాత నేను స్పానర్ పట్టలేదు.

ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి స్టూలు చూపించాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. సందు, ప్యాడ్లు, ముందే పెట్టిన చుక్కలు, సీటు కింద తోసిన స్పానర్, "అవును నాయనా" అన్న మాట. ఆ రోజు విప్పి దాచిపెట్టుకున్న పాత ప్యాడ్లు కూడా తీసి ముందు పెట్టాను. ఆయన వాటిని తిప్పి చూశాడు.

"ఇట్లాంటివి ఏ గుజిరీలో అడిగినా ఇస్తారప్పా."

"అన్నా, అబద్ధం కాదు."

"నువ్వు మంచోనివి చిన్నశెట్టీ. పెద్దాయన పోయినాక నా మింద జాలి కలిగింది. ఎవరో చెప్పింటారు, ఆయప్ప ఈడ టోకెన్లు చింపుకుంటాండాడని. దానికి ఇంత కత కట్టుకోని వస్తివి."

"కత కాదన్నా, నాయన మీద ఒట్టు."

"ఆయన మింద ఒట్టెయ్యొద్దు." మొదటిసారి ఆయన గొంతు గట్టిపడింది. "చుక్క నేను కండ్లారా చూస్తి. మీ నాయన చూపించినాడు గదా ఆ నట్లు. నా చుక్క నాకు తెలీదా?"

నా చుక్కను ఆయన తన చుక్క అనుకున్నాడు. అంత బాగా పెట్టానన్నమాట.

ఇంకేం చేయాలో తోచలేదు. కారులోంచి స్పానర్ తెచ్చి ఆయన చేతికిచ్చాను. "సరే, నమ్మొద్దు. నా బండి నట్లు ఒకసారి బిగించన్నా. ఆ గ్యారేజీ వాళ్ల మీద కంటే నీ చెయ్యి మీద నాకు నమ్మకముంది." జేబులోంచి రంగు సీసా కూడా తీశాను.

ఆయన సీసా వైపు చూడలేదు. స్పానర్ తీసుకుని, స్టాండు గేటు దగ్గరున్న నా కారు ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. పట్టు వేయడం మరచిపోలేదు. లేచి ఒకసారి తొక్కాడు. ఆగాడు. మళ్లీ తొక్కాడు. నట్టు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. లోపల స్కూటర్లవాళ్లు టోకెన్లకోసం పిలుస్తున్నారు, ఆయన పలకలేదు. ఆ పలకకపోవడం చూసి నాకు కొంచెం ఆశ కలిగింది.

అప్పుడాయన స్పానర్ తీసి నా చేతిలో పెట్టాడు.

"బిగిసిందా లేదా నాకు తెలీడం లేదప్పా" అన్నాడు. "నువ్వే ఒకసారి చూసుకో."

లోపలికి వెళ్లి టోకెన్ల కట్ట అందుకున్నాడు. నేను నట్లు చూడలేదు, సీసా మూత తీయలేదు. హిందూపురం వచ్చాక మా పక్క అంగడాయనతో మొదలుపెట్టి ఐదారుగురికి జరిగింది చెప్పాను. అందరూ ఓపికగా విన్నారు. "ఆయప్ప మింద నీకు జాలి ఎక్కువ, మీ నాయన మాదిరే" అన్నారు.